ట్రౌట్ ముట్టని ఫ్లైని ప్రవాహంతో కలిపి నడిపించడం: నా అనుభవం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో, మొరైన్ పార్క్ పచ్చికబయళ్ల గుండా పారే బిగ్ థామ్సన్ నదిలో ఫ్లై ఫిషింగ్ (పురుగులా కనిపించే ‘ఫ్లై’ అనే కృత్రిమ ఎరతో చేపలు పట్టడం) చేస్తున్నప్పుడు, ట్రౌట్ చేపలు నీటిపై తేలే నా ‘ఎల్క్ హెయిర్ కాడిస్’ రకం ఫ్లై కిందికి వచ్చి, దగ్గరగా చూసి, ముట్టకుండానే వెనక్కి మళ్లేవి. ఫ్లైలు మార్చినా ఫలితం మారలేదు.

నీటికి దగ్గరగా వంగి గమనిస్తే కారణం కనిపించింది. నాకూ చేపకూ మధ్యనున్న వేగమైన పాయ దారాన్ని ముందుకు లాక్కుపోతుండగా, అవతలి నెమ్మదైన నీటిమీద ఫ్లై వెనుక ‘వి’ ఆకారంలో సన్నని గీత ఏర్పడుతోంది. నీటిలో కొట్టుకుపోయే పురుగు వెనుక అలాంటి గీత ఉండదు కనుక ట్రౌట్ నమ్మదు.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది కాబట్టి, దిగువ నుంచి, వంగి, మరింత దగ్గరికి వెళ్లాను. చివరి సన్నని దారమైన టిప్పెట్‌ను 4 ఎక్స్ మందం నుంచి, ఇంకా సన్నగా, సుమారు 0.15 మిల్లీమీటర్ల మందముండే 5 ఎక్స్‌కు మార్చి, కొంత పొడిగించాను. అన్నిటికన్నా బాగా పనిచేసింది రీచ్ కాస్ట్, అంటే దారం గాలిలో ఉండగానే గాలపు కర్రను ఎగువవైపు చాచడం. దారం నీటిపై పడ్డాక, వేగమైన పాయలోని భాగాన్ని కర్ర కొనతో ఎత్తి ఎగువకు వేస్తే, ఫ్లై మరికొన్ని క్షణాలు నీటితోపాటే సాగుతుంది. ఆ కాస్త వ్యవధి చాలు.

బ్రౌన్ ట్రౌట్ ఒకటి అడుగు నుంచి తొందర లేకుండా లేచి ఫ్లైని అందుకుంది. ఎదురుముల్లు లేని గాలం కనుక, చేతులు తడుపుకుని, నీటిలోనే సులువుగా విడిపించాను. పొడి చేతులు చేప ఒంటిమీది జిగురు పొరను చెరిపేస్తాయి. అక్కడికి వెళ్లే మనవాళ్లలో 16 ఏళ్లు నిండినవారు కొలరాడో ఫిషింగ్ లైసెన్సు ముందే తీసుకోవాలి.