అంగన్‌వాడీలో పేర్లు, హాజరు: కొత్త టీచర్లకి

కొత్తగా సెంటర్ తీసుకున్న టీచర్లు ఎవరిని కదిలించినా హాజరు గురించే టెన్షన్. రిజిస్టర్లో 25 మంది ఉంటారు, పొద్దున కూర్చునేది 12 మంది, సూపర్‌వైజర్ మేడమ్ విజిట్‌కి వస్తే ఏం చెప్పాలి అని. హాజరు సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆ 25 మంది ఈ నెల అసలు ఊళ్ళో ఉన్నారా అన్నది ముందు చూడండి. నన్నడిగితే మన నెల్లూరు, ప్రకాశం వైపు సగం హాజరు సమస్య పేర్ల సమస్యే.

పాత టీచర్ ఇచ్చిన జాబితా నమ్ముకోకుండా మీ పరిధిలో ప్రతి ఇంటికీ ఒకసారి తిరగండి. ఆయాని తప్పకుండా తీసుకెళ్ళండి, ఏ కోడలు పుట్టింటికి పోయింది, ఏ ఇంట్లో బాడుగకి ఎవరు దిగారు అన్నది ఆమెకి తెలిసినంతగా ఏ యాప్‌కీ తెలియదు. తల్లి పేరు, ఫోన్ నంబరు, బిడ్డ పుట్టిన తేదీ రాసుకోండి. తేదీ మాత్రం నోటిమాట మీద వద్దు, జనన ధృవీకరణ పత్రమో ఎంసీపీ కార్డో (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) చూసి రాయండి. తర్వాత ఆశా దగ్గరా ఏఎన్ఎం దగ్గరా ఉన్న జాబితాతో సరిపోల్చండి, ఒకరి దగ్గర ఉండి ఇంకొకరి దగ్గర లేని పేర్లు ఎప్పుడూ బయటపడతాయి.

తిరిగితే రెండు రకాలు కనిపిస్తాయి. పేరుండి మనిషి లేనివాళ్ళు ఒకటి: కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయిన కుటుంబాలు. మనిషి ఉండి పేరు లేనివాళ్ళు రెండోది: చీమకుర్తి క్వారీల దగ్గర, ఇటుక బట్టీల దగ్గర, రొయ్యల గుంటలకి కాపలా ఉండే గుడిసెల్లో, ఊరికి ఎడంగా ఉన్న యానాది కాలనీల్లో. ఈ రెండో రకం కోసమే ఎక్కువ తిరగాలి, ఎందుకంటే వాళ్ళు తమంతట తాము వచ్చి అడగరు. బిడ్డకి ఆధార్ లేదని వెనక్కి పంపొద్దు, తల్లి ఆధార్‌తో ఎక్కించొచ్చు. వలస వచ్చిన వాళ్ళ పేరు పాత ఊళ్ళో ఉంటే మన అంగన్‌వాడీ యాప్ పోషణ్ ట్రాకర్‌లో మైగ్రేషన్ పెట్టి ఇక్కడికి తెచ్చుకోవాలి, అందుకే మన దగ్గర నుంచి పోయిన వాళ్ళని కూడా ఊరికే తీసేయకుండా వాళ్ళు పోయిన ఊరి టీచర్‌కి అందేలా బదిలీ చేయండి.

ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే పని దగ్గర అందరికీ చిక్కే. ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబరుకి పోతుంది, ఆ ఫోనేమో చెన్నైలో పనిచేసే మొగుడి జేబులో ఉంటుంది. పగలు ఫోన్ ఎత్తరు కాబట్టి సాయంత్రం పని ముగిసే వేళకి వాళ్ళింట్లోనే కూర్చుని ఫోన్ చేయించండి. నంబరే మారిపోయి ఉంటే ముందు ఆధార్ సెంటర్‌కి పంపి మార్పించాలి, దానికి అడ్డదారి లేదు. ఇప్పుడు ఇంటికిచ్చే రేషన్‌కి యాప్‌లో ముఖం కూడా చూపించాలి గనక ఈ పని నెలాఖరుకి వాయిదా వేస్తే చిన్న బిడ్డల బాలామృతం పిండి ఇచ్చే రోజున గుమ్మం ముందు గొడవే.

రోజువారీ హాజరు 3 నుంచి 6 ఏళ్ళ పిలకాయలకే, 3 ఏళ్ళలోపు వాళ్ళకి ఇచ్చేది ఇంటికే పోతుంది కాబట్టి రెండూ కలపొద్దు. ఇక ఎప్పుడు వేయాలి అంటే, వంటకి బియ్యం కొలిచే ముందు. తలలు లెక్కపెట్టి, హాజరు వేసి, అదే లెక్కకి బియ్యం, గుడ్లు తీయండి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని వేసే హాజరు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, తర్వాత గుడ్ల స్టాకు దాంతో కలవదు, విజిట్‌లో ముందు దొరికేది అక్కడే. సిగ్నల్ లేకపోతే టైముతో సహా పుస్తకంలో రాసుకుని అదే రోజు యాప్‌లో పెట్టండి. అక్క గిన్నె పట్టుకుని వచ్చి "తమ్ముడి గుడ్డు ఇవ్వు టీచరమ్మా" అంటే ఆ పిల్లని కసరొద్దు, కానీ తమ్ముడికి హాజరూ వేయొద్దు. వాళ్ళమ్మతో మాట్లాడండి.

మానేసే వాళ్ళకి కారణం దాదాపు ఎప్పుడూ పనుల కాలమే. నెల్లూరు వైపు నాట్లప్పుడు తల్లులు తెల్లారకముందే కయ్యల్లోకి పోతారు, ఎడగారు (రెండో) పంటకీ అంతే, బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది, అవ్వకి సెంటర్ దాకా నడిచే ఓపిక ఉండదు. అప్పుడు ఆయా తల్లి ఇంటికి కాకుండా అవ్వ ఇంటికి పోవాలి. ప్రకాశంలో పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు నడిచేటప్పుడు పిల్లల్ని అక్కడికే తీసుకుపోతారు, ఆ పొగ దగ్గర కంటే సెంటర్ నయమని మేస్త్రీకి కూడా చెప్పి చూడండి, తల్లికంటే ఆయన మాట ముందు పనిచేస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో తుపాను వానలకి దారి మునిగితే మీరేం చేయలేరు. రాని ప్రతి పేరు పక్కనా కారణం ఒక్క ముక్క రాసిపెట్టండి: నాట్లు, జ్వరం, ఊరికి. తక్కువ హాజరుకి కారణాలు రాసి ఉన్న పుస్తకం చూపిస్తే మాట్లాడడానికి మీకో ఆధారం ఉంటుంది.

కాన్వెంట్ బస్సు సంగతి వేరు. బిడ్డ ఎల్‌కేజీకి పోతుంటుంది, పేరు మన దగ్గర ఉంటుంది. తల్లిని సూటిగా అడగండి, ఇక్కడ కూర్చుని తినే పిల్లలకే ఇక్కడి అన్నం అని చెప్పండి. దాంతోపాటు మన దగ్గర ఏం నేర్పుతున్నామో నెలకోసారైనా తల్లులని కూర్చోబెట్టి చూపించండి, వాళ్ళకి ఏబీసీడీలు రాయడమే చదువు, ఆటపాటలు వాళ్ళ కంటికి ఆనవు.

వరసగా 3 రోజులు రాని బిడ్డ ఇంటికి ఆ సాయంత్రమే పోండి. బరువు తక్కువ ఉన్న బిడ్డ అయితే రెండో రోజే పోండి, విరేచనాలో జ్వరమో ఉంటే ఏఎన్ఎంకి ఫోన్ చేయండి. బరువులు తీసే రోజు రాని వాళ్ళ పేర్లు విడిగా రాసుకుని ఆ వారంలోనే త్రాసు పట్టుకుని వాళ్ళిళ్ళకి పోవాలి, ఎక్కువ బలహీనంగా ఉండే బిడ్డలు తరచుగా అందులోనే దొరుకుతారు.

జూన్‌లో ఒకటో తరగతికి పోయిన వాళ్ళ పేర్లు స్కూల్లో అడిగి చూసుకుని తీసేయండి. 3 ఏళ్ళు నిండిన బిడ్డ యాప్‌లో పుట్టినరోజు లెక్కన పై గుంపులోకి వస్తుంది గానీ కాళ్ళతో నడిచి సెంటర్‌కి రాదు. నిండడానికి ఒక నెల ముందు నుంచే తల్లితో పాటు రోజూ ఒక గంట కూర్చోబెట్టి, ఏడుపు తగ్గాక తల్లిని పంపేయండి.