డబ్బులిచ్చి వీపీఎన్ కొనేముందు ఏం చూడాలి?

నల్లగొండలో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్నాను. వారానికి ఇద్దరు ముగ్గురైనా ఫోన్ పట్టుకొని వస్తారు. "అన్నా, వీపీఎన్ ఏసుకున్న, ఫోన్ మొత్తం స్లో అయింది, ఏందేందో యాడ్లొస్తున్నయ్" అంటారు. చూస్తే ప్లే స్టోర్‌లో ముందు కనిపించిన ఫ్రీ యాప్ ఉంటుంది. లేదంటే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని మూడేళ్లకు ఒకేసారి కట్టేసిన ప్యాకేజీ. ఈ రెండు తప్పులూ చూసి చూసి విసుగొచ్చింది.

వీపీఎన్ చేసేది ఒకటే పని. మీ ట్రాఫిక్‌ను తాళం వేసి తన సర్వర్ దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి నెట్‌లోకి వదులుతుంది. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో నెట్ కంపెనీకి, హాస్టల్ వైఫై పెట్టినవాళ్లకు కనిపించదు. జీమెయిల్‌లో లాగిన్ అయి ఉంటే గూగుల్‌కు మీరెవరో తెలుస్తూనే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయటినుంచి యాప్ ఎక్కించే ఫైల్) నొక్కితే ఏ వీపీఎనూ కాపాడదు.

కావలసింది ఫోనో ల్యాప్‌టాపో, విదేశీ లావాదేవీలు ఆన్ చేసిన కార్డు. 2020 మార్చి నుంచి వచ్చిన కార్డుల్లో అది మూసే ఉంటుంది, బ్యాంక్ యాప్‌లో మీరే తెరుచుకోవాలి.

ఇక అసలు పని కంపెనీని ఎంచుకోవడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. వీపీఎన్ పెట్టగానే, ఇన్నాళ్లూ మీ నెట్ కంపెనీకి కనిపించినవన్నీ ఆ వీపీఎన్ కంపెనీకి కనిపించే వీలు వస్తుంది. "మేం లాగ్‌లు ఉంచం", అంటే మీరు ఎప్పుడు ఎక్కడికెళ్లారో రికార్డు రాసుకోం అని ప్రతివాళ్లూ రాసుకుంటారు. 2020లో యూఎఫ్ఓ వీపీఎన్ అనే ఫ్రీ సర్వీసు అదే మాట చెప్పుకుంటుండగానే, వాడకందార్ల లాగ్‌లు తాళం లేని సర్వర్లో బయటపడ్డాయి. డబ్బులు తీసుకునేవాళ్లంతా మంచివాళ్లని కూడా అనుకోవద్దు. ఐపీవానిష్ అనే వీపీఎన్ అప్పటి యాజమాన్యం 2016లో అమెరికా దర్యాప్తు అధికారులకు ఒక కస్టమర్ లాగ్‌లు ఇచ్చింది. సైట్లో మాత్రం లాగ్‌లు లేవనే ఉంది. ఆ తర్వాత ఆ కంపెనీ చేతులు మారింది.

మా దగ్గర బత్తాయి అమ్మేటప్పుడు కొనేవాడి కాంటా ఒక్కదాన్నే నమ్ముకోం, బయట వేబ్రిడ్జి మీద కూడా తూకం వేయిస్తాం. ఇక్కడా అంతే. బయటి సంస్థ ఆడిట్ చేసిందా, ఆ రిపోర్టు మొత్తం చదవనిస్తున్నారా చూడండి. యాప్‌లో లోపాలు వెతికే ఆడిట్ వేరు, సర్వర్లలో లాగ్‌లు పడుతున్నాయా అని చూసే ఆడిట్ వేరు. మొదటిది చేయించి రెండోది చేయించినట్టు చూపించే కంపెనీలున్నాయి. తేదీ కూడా చూడండి, నాలుగేళ్ల కిందటి రిపోర్టు నేను లెక్కలోకి తీసుకోను.

ఆడిట్ కన్నా పెద్ద రుజువు, ఎవరైనా వచ్చి నిజంగా అడిగినప్పుడు ఏమైందన్నది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారెంటుతో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వచ్చి, కస్టమర్ల డేటా లేకపోవడంతో ఉత్త చేతులతో వెళ్లారు. ముల్వాడ్ ఈమెయిల్ కూడా అడగదు, ఖాతాకు ఒక నంబరు ఇస్తుంది. నెలకు 5 యూరోలు. నేను వాడేదీ అదే.

మన దేశం సంగతి తప్పక తెలిసుండాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రస్, ఇచ్చిన ఐపీలు (నెట్‌లో మీ ఫోన్‌ను గుర్తుపట్టే నంబర్లు) ఐదేళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్, నార్డ్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ అనే వీపీఎన్ కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి. ఇండియాలోనే సర్వర్ ఉందని గొప్పగా చెప్పుకునే కంపెనీని, ఆ వివరాలు ఎక్కడ దాస్తున్నారని అడగండి.

"టాప్ టెన్ వీపీఎన్" జాబితాలు చూసి కొనొద్దు. చాలావాటికి కమిషన్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్, సైబర్‌ఘోస్ట్, ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్ ఈ మూడు వీపీఎన్‌లూ కేప్ టెక్నాలజీస్ అనే ఒకే కంపెనీవి. వీపీఎన్‌లకు మార్కులు వేసే వీపీఎన్‌మెంటార్ సైటును కూడా 2021లో ఆ కంపెనీయే కొన్నది. యజమాని పేరు, ఊరు సైట్లో దొరక్కపోతే ఆ ట్యాబ్ మూసేయండి.

ఎంచుకున్నాక ఒక్క నెలకే కట్టండి. మూడేళ్ల ఆఫర్ ఎంత చౌకైనా వద్దు, మధ్యలో కంపెనీ చేతులు మారితే మీరు ఇరుక్కుపోతారు. యాప్‌ను కంపెనీ సైట్లో ఇచ్చిన లింకు నుంచే దించుకోండి. సెట్టింగ్స్‌లో వైర్‌గార్డ్ (వీపీఎన్ కనెక్షన్ పద్ధతుల్లో ఒకటి) ఎంచుకోండి, వీపీఎన్ తెగితే నెట్‌ను కూడా ఆపేసే కిల్ స్విచ్ ఆన్ చేయండి. కిల్ స్విచ్ లేకపోతే వీపీఎన్ తెగిన క్షణంలో మీ అసలు ఐపీ బయటపడుతుంది.

తర్వాత వీపీఎన్ ఆన్ చేసి డీఎన్ఎస్ లీక్ టెస్ట్ సైటు తెరవండి, మీరు వెళ్లే సైట్ల పేర్లు వీపీఎన్ దాటి బయటికి పోతున్నాయా అని అది చూపిస్తుంది. అందులో మీ నెట్ కంపెనీ పేరు కనిపిస్తే లీకవుతున్నట్టే, డబ్బులు వెనక్కి అడగండి. రాత్రి తొమ్మిదింటికి, ఊరంతా నెట్ మీద ఉన్నప్పుడు వాడి స్పీడు చూడండి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంక్ యాప్‌లు తెరుచుకోవు, వాటిని స్ప్లిట్ టనెలింగ్‌లో (కొన్ని యాప్‌లను వీపీఎన్ లేకుండా నేరుగా నెట్‌కు పంపే సెట్టింగ్) పెట్టి వదిలేయండి. కార్డు మీద ఆటో రెన్యువల్ ఉంటే ఆ రోజే తీసేయండి.