పాడి గేదెల రోగాలు, 3వ పాఠం: కంటికి కనబడని పొదుగువాపును సబ్బుపొడితో పట్టడం

పోయిన పాఠంలో తొలి ధారలు నల్లగుడ్డ మీద పిండి, పాలల్లో పలుకులున్నాయేమో చూడటం నేర్చుకున్నాం. గుడ్డ మీద ఏమీ తేలకపోతే పొదుగు బాగున్నట్టు కాదు. కంటికి కనబడని పొదుగువాపులో పొదుగు వాయదు, గేదె తన్నదు, పాలు తెల్లగానే ఉంటాయి. పూటకు కాసిని తగ్గుతాయంతే. బెజవాడ ఎండలకు తగ్గాయనో, తవుడు మారిందనో సరిపెట్టుకుంటాం. స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి బాక్టీరియా ఇలా నెలల తరబడి పొదుగులో తిష్ఠ వేస్తుంది, పక్క గేదెలకూ పాకుతుంది.

బాక్టీరియా చొరబడితే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలోని తెల్లకణాలు పాలల్లోకి దిగుతాయి. సబ్బు ఆ కణాలను పగలగొడితే లోపలి డీఎన్‌ఏ బయటపడి పాలు జిగురెక్కుతాయి. పాలల్లో మందు కలిపి పొదుగువాపును పట్టే కాలిఫోర్నియా పరీక్షకు ఇదే ఆధారం; షాల్మ్, నూర్లాండర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని 1957లో ప్రకటించారు. ఆ మందు చేతిలో లేనప్పుడు బట్టలుతికే పొడి పనికొస్తుంది.

కొలత 100 మి.లీ. నీళ్లకు 3 గ్రాములు. చెంచా లెక్క వద్దు. కిరాణా కొట్లో 30 గ్రాములు తూయించి లీటరు మంచినీళ్లలో పూర్తిగా కరిగించండి. కరగని పలుకు జిగురులా కనబడి మోసం చేస్తుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపండి.

పితకబోయే ముందు చన్నులు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మొదటి మూడు నాలుగు ధారలు విడిగా గిన్నెలో పిండేయండి. నేల మీద పిండొద్దు. నాలుగు సాసర్లు తీసుకుని ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి అని గుర్తు పెట్టండి. పొదుగులో నాలుగు గదులూ వేటికవే, ఒకదాని పాలు ఇంకోదాంట్లోకి పోవు. నాలుగు చన్నుల పాలూ కలిపి చూస్తే మూడు మంచి చన్నుల పాలు నాలుగోదాని రోగాన్ని దాచేస్తాయి. చాలామంది పరీక్ష చెడగొట్టుకునేది ఇక్కడే.

సూది తీసిన సిరంజితో ఒక్కో సాసరులో 5 మి.లీ. పాలు, 5 మి.లీ. సబ్బునీళ్లు పోసి, నిమిషం సేపు మెల్లగా గుండ్రంగా తిప్పండి. గిలకొడితే నురగొచ్చి ఏమీ తెలియదు. ఇప్పుడు సాసరు వంచండి. మంచి పాలు నీళ్లలా జారతాయి. రోగమున్న పాలు బెండకాయ కోసిన కత్తికి పట్టే జిగురులా సాగుతాయి. రోగం ముదిరితే మధ్యలో ముద్దకట్టి, వంచినా అడుగు వదలవు. సన్నటి జిగురు కనబడి తిప్పుతుండగానే పోతే అనుమానం కింద రాసుకుని, మర్నాడు మళ్లీ చూడండి.

ఈనిన మొదటి వారం జున్నుపాలల్లోనూ, వట్టిపోబోయే గేదెలోనూ తెల్లకణాలు సహజంగానే ఎక్కువ. అప్పుడొచ్చే జిగురును రోగమని తేల్చొద్దు.

జిగురొచ్చిందని ఆ సాయంత్రమే యాంటీబయాటిక్ పొడిపించకండి. ఏ బాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో తెలియకుండా వాడితే అది మందులకు అలవాటుపడిపోతుంది. మందు మొదలుపెట్టకముందే చన్ను కొనను 70 శాతం స్పిరిట్‌తో తుడిచి, మరిగించి ఆరబెట్టిన సీసాలో 5 నుంచి 10 మి.లీ. పాలు పట్టి, ఐసు మధ్య పెట్టి, పశువైద్యుడి ద్వారా ప్రయోగశాలకు పంపండి. పొదుగు వేడిగా ఉన్నా, పాలు విరిగినట్టున్నా, జ్వరం 104 ఫారన్‌హీట్ దాటినా ఇవేవీ పెట్టుకోకుండా ఆ పూటే డాక్టరును పిలవండి.

ఆ గేదెను అందరికన్నా చివర పితకండి. చెడ్డ చన్ను పాలు కేంద్రానికి పోయొద్దు, దూడకు తాగించొద్దు. పితికాక కనీసం అరగంట పడుకోనివ్వకుండా ముందు గడ్డి వేయండి. అప్పటిదాకా చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఇంకొకటి, మన గుంటూరు పల్లెల్లో బొటనవేలు మడిచి పితికే అలవాటు ఇంకా ఉంది. ఆ కణుపు నొక్కుడికి చన్ను లోపలి పొర కమిలి, బాక్టీరియాకు దారి దొరుకుతుంది. గుప్పిట నిండా పట్టి పితకాలి.

ప్రతి పాడి గేదెకూ పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు ఈ పరీక్ష చేసి, చన్నులవారీగా రాసి ఉంచండి. రెండుసార్లూ ఒకే చన్ను జిగురు చూపితే, ఆ గేదె ఈనిన తేదీ కూడా పక్కనే రాయండి. 4వ పాఠంలో ఆ కాగితం కావాలి.