పాత డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్: వేగం నిలకడ తప్పితే

డైరెక్ట్ డ్రైవ్ అంటే మోటారే రికార్డు పళ్లేన్ని నేరుగా తిప్పే రికార్డు ప్లేయర్. దాని వేగం అటూ ఇటూ అవుతుంటే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. మోటారు అంత తేలిగ్గా పోదు. ముందు వేగాన్ని కాస్త పెంచి తగ్గించే పిచ్ స్లైడర్‌ని, లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే ట్రిమ్ పాట్‌లను అనుమానించండి. ఏళ్ల తరబడి కదలకపోతే మురికి పొర పట్టి కాంటాక్ట్ సరిగా అందదు.

ప్లగ్ తీసేసి, ఫేడర్ల (జరిపే మీటల) కోసమే తయారైన క్లీనర్‌ను కొద్దిగా కొట్టి, స్లైడర్‌ను ఆ చివరకీ ఈ చివరకీ ఇరవై ముప్పై సార్లు జరపండి. మామూలు కాంటాక్ట్ క్లీనర్ వాడకండి, లోపలి గ్రీజును కూడా కడిగేస్తుంది. ట్రిమ్ పాట్ ముట్టుకునే ముందు దాని స్థానాన్ని ఫొటో తీసుకోవడం తప్పనిసరి. పూర్తిగా ఆరాక నడిపి, ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున దీపం వెలుగులో కనిపించే స్ట్రోబ్ చుక్కలు చూడండి. కదలకుండా నిలబడితే వేగం కుదిరినట్టే. స్ట్రోబ్ దీపం నేరుగా మెయిన్స్ కరెంటుతో వెలిగే మోడల్ అయితే 50, 60 హెర్ట్జ్‌లకు వేర్వేరు చుక్కల వరసలుంటాయి, మీ కరెంటుకు తగ్గది చూడాలి.

టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2లో ప్లాటర్‌ రంధ్రాల్లో వేళ్లు పెట్టి నిటారుగా పైకెత్తాలి. అడుగున అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుప రజను లేని శుభ్రమైన గుడ్డ మీద పెట్టండి. స్పిండిల్ (మధ్యలోని ఇరుసు) మొదట్లో పలుచని మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు చాలు.

ఇంకా తేడా ఉంటే సర్క్యూట్ బోర్డు మీద ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వ చేసే భాగాలు) ఎండిపోయి ఉండొచ్చు. మైక్రోఫారడ్ విలువ అదే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉన్న 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం వేయించండి.