షార్ట్ ఫిల్మ్‌కి నమ్మించే జాంబీ మేకప్: రక్తం, గాయం, చర్మం

జాంబీ సినిమా తేలిపోతే అందరూ కథనే తిడతారు. నిజానికి చాలా సినిమాలు మొదటి క్లోజప్‌లోనే ఓడిపోతాయి. ముఖమంతా తెల్ల పౌడరు, మెడేమో మామూలు రంగు, గడ్డం మీద బండి షర్బత్ లాంటి రక్తం. అది చూశాక భయపడమంటే ఎవరు భయపడతారు? ఈ మూడూ సరిచేసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు.

ముందు రక్తం. 1968లో అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమెరో తన నలుపు తెలుపు జాంబీ సినిమాలో చాక్లెట్ సిరప్‌తో పని కానిచ్చాడు. అక్కడ చిక్కదనం ఉంటే చాలు. కలర్‌లో ఆ వీలు లేదు. ఎర్ర రంగు కలిపిన పాకం వెలుతురు పడగానే పారదర్శకంగా మెరిసి దొరికిపోతుంది. దానికి విరుగుడు కోకో పౌడర్.

బేకరీ సామాన్ల షాపులో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ 200 గ్రాములు తీసుకుని, మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లతో పలచన చేయండి. ఒక చెంచా కోకోను విడిగా కాసిని నీళ్లతో ముద్దలా కలిపాకే అందులో వేయాలి, పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. అర చెంచా ఎర్ర జెల్ ఫుడ్ కలర్, టూత్‌పిక్ మొనతో నీలం. గులాబీ రంగు తేలితే ఇంకొంచెం కోకో, మట్టి రంగుకి తిరిగితే ఇంకొంచెం ఎరుపు. ఇది నోట్లోకి వెళ్లినా ఫర్వాలేదు. బట్టల మీద మరక మాత్రం పోదు, కాబట్టి ఒకే రకం చొక్కాలు రెండు పెట్టుకోండి. చీమల సంగతి కూడా చూసుకోవాలి.

రక్తానికి వయసు ఉంటుందన్నది చాలామంది మరిచిపోయే విషయం. రెండు రోజుల కిందట చచ్చినవాడి గాయంలో తాజా ఎరుపు ఎందుకుంటుంది? అలాంటి చోట కోకో రెట్టింపు చేసి, అంచుల్లో నల్లగా ఆరినట్టు అద్దండి. తాజా ఎరుపు నోటి చుట్టూ మాత్రమే ఉండాలి, అదీ ఇప్పుడే ఎవరినో కొరికి ఉంటేనే.

గాయానికి లిక్విడ్ లేటెక్స్ (ఆరితే సాగే పొరలా మారే ద్రవ రబ్బరు), టిష్యూ పేపర్ చాలు. లేటెక్స్ కొందరికి పడదు. ముందు రోజే మోచేతి లోపలివైపు చిన్న చుక్క రాసి 24 గంటలు చూడండి. దద్దురు వస్తే ఆ మనిషికి రంగులతోనే సరిపెట్టాలి. కనుబొమలు, మీసం, గడ్డం ఉన్న చోట వేయకండి, తీసేటప్పుడు వెంట్రుకలూ వచ్చేస్తాయి.

చర్మం మీద పలచగా లేటెక్స్ రాసి, ఒక్క పొర టిష్యూ అంటించి, పైన మళ్లీ లేటెక్స్ రాయాలి. టిష్యూని కత్తిరించకుండా చేత్తో చింపండి, కత్తెర అంచు కెమెరాలో గీతలా కనిపిస్తుంది. ఇలా మూడు నాలుగు పొరలు, ఒక్కోటి పూర్తిగా ఆరాకే తరువాతిది. తొందరపడితే లోపల తడి ఉండిపోయి మొత్తం జారుతుంది. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీదే వాడండి. ఆరాక పౌడరు చల్లి, మధ్యలో చింపి, లోపల ముదురు మెరూన్ రంగు, దాని మీద రక్తం. మన ఎండాకాలంలో చెమటకి అంచులు లేస్తాయి. అవుట్‌డోర్ సీన్లు పొద్దున్నే పెట్టుకోవడం మేలు.

చర్మం రంగు దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. చామనఛాయ మీద తెలుపు వేస్తే శవం కనిపించదు, పౌడరే కనిపిస్తుంది. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు ఫేస్ పెయింట్‌ని పలచగా వేసి, కళ్ల గుంటల్లో, దవడ కింద, పెదవుల మీద ఊదా కలిసిన గోధుమ రంగు అద్దండి. చివర్లో గిన్నెల స్క్రబ్బర్ కొత్త ముక్కతో రెండు మూడు రంగులు చుక్కలుగా తాటిస్తే, నున్నటి పెయింట్ విరిగి చర్మంలా అవుతుంది. చెవులు, మెడ, చేతులు, గోళ్లు వదలొద్దు.

కెమెరా టెస్ట్ తప్పనిసరి. 1978లో వచ్చిన రొమెరో సినిమాకి మేకప్ ఆర్టిస్ట్ టామ్ సవీనీ జాంబీలకి వేసిన బూడిద రంగు తెర మీద చాలా చోట్ల నీలంగా తేలింది. చవక ఎల్‌ఈడీ లైట్లు కూడా ఎరుపుని గోధుమ రంగులోకి లాగేస్తాయి. షూట్‌లో వాడే లైటు కిందే, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (లైటుకి తగ్గట్టు రంగుల్ని సర్దే సెట్టింగ్) లాక్ చేసి చూసుకోండి.

ఇరవై మంది జాంబీలుంటే అందరికీ గంటన్నర మేకప్ కుదరదు. ముందు వరసలోని ముగ్గురికి గాయాలు, మధ్యవాళ్లకి రంగులు, వెనకవాళ్లకి చిరిగిన బట్టలు, సరైన నడక చాలు.

తీసేటప్పుడు లేటెక్స్‌ని పీకొద్దు. అంచుల కింద కొబ్బరినూనె రాసి, ఐదు నిమిషాలు ఆగి, మెల్లగా దొర్లిస్తూ తీసి, గోరువెచ్చని నీళ్లతో కడగాలి. ఫుడ్ కలర్ చారలు చర్మం మీద ఒకట్రెండు రోజులు ఉండొచ్చు, మర్నాడు పెళ్లికి వెళ్లాల్సినవాళ్లకి ముందే చెప్పండి.