టీ-షర్టులపై స్క్రీన్ ప్రింటింగ్ – నాలుగవ పాఠం: ఏ బట్టకు ఏ ఇంకు

గత పాఠంలో ఫ్రేముకు ఎమల్షన్ (వెలుతురు తగిలిన చోట గట్టిపడే పూత) పూసి, బొమ్మను వెలుతురుకు చూపి, కడిగి ఆరబెట్టుకున్నాం. ఆ ఫ్రేమును ప్రస్తుతానికి పక్కన ఉంచండి. దుకాణానికి వెళ్లి టీ-షర్టు ఇంకు కావాలని మాత్రమే అడిగితే ఏదో ఒక డబ్బా చేతికి వస్తుంది గాని, అది మీ చొక్కాకు సరిపడుతుందో లేదో దుకాణదారుకు తెలియదు. కనుక ముందు బట్ట సంగతి తేల్చుకోవాలి.

చొక్కా లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, అగ్గిపుల్లతో అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే అది నూలు. మంట తగలగానే ముడుచుకుని, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే అది పాలిస్టర్. కొంత బూడిద, కొంత పూస కనిపిస్తే రెండూ కలిసిన బట్ట. లేబుల్ మీద నూరు శాతం కాటన్ అని రాసి ఉన్నా ఈ పరీక్షను మానవద్దు.

తెల్లని లేదా లేత రంగు నూలు చొక్కా అయితే, నేర్చుకునేవారికి నీటి ఆధారిత ఇంకే మేలని నా అభిప్రాయం. ఇందులో ఉండేవి ప్రధానంగా పిగ్మెంటు (రంగు పొడి), దానిని పోగుకు పట్టి ఉంచే బైండరు, నీరు. ఇంకు పోగుల్లోకి ఇంకిపోతుంది కాబట్టి అచ్చు మీద చేయి వేసినా బట్ట మెత్తదనం పెద్దగా మారదు. అయితే ఇది పారదర్శకంగా ఉంటుంది. నల్ల చొక్కా మీద పసుపు అచ్చు వేస్తే పసుపు దాదాపుగా కనిపించదు. ఫ్రేము తయారీలో నీటికి తట్టుకునే ఎమల్షన్ వాడకపోతే, కొన్ని చొక్కాలు పూర్తయ్యేసరికి స్టెన్సిల్ (ఫ్రేము మీద ఎమల్షన్‌తో ఏర్పడిన బొమ్మ) అంచులు కరగడం మొదలవుతుంది.

దీనితో అసలు చిక్కు ఆరిపోవడమే. మే నెలలో విజయవాడలో ఫ్యాను కింద కూర్చుని అచ్చు వేసినవారికి ఈ బాధ తెలుస్తుంది: ఒక చొక్కా తీసి మరొకటి పరిచేలోగా మెష్ (ఫ్రేముకు బిగించిన వల బట్ట) రంధ్రాలు పూడుకుపోతాయి. ఫ్యాను ఆపి, ఇంకులో కొద్దిగా రిటార్డరు (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవం) కలిపి, ప్రతి అచ్చు తర్వాత స్క్వీజీతో (ఇంకును లాగే రబ్బరు పలకతో) మెష్ అంతటా పలుచగా ఇంకు పరచి ఉంచితే చాలావరకు గట్టెక్కవచ్చు. అచ్చు పొడిగా కనిపించినంత మాత్రాన రంగు నిలవదు. దానికి వేడి కావాలి. డబ్బా మీద చెప్పిన ఉష్ణోగ్రత ప్రకారం, సాధారణంగా 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొన్ని నిమిషాలు ఉంచాలి. తడి ఉన్నంతసేపూ మనమిచ్చే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది కనుక ముందు పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పలుచని గుడ్డ పరచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేయండి.

ముదురు రంగు నూలు బట్టకు ప్లాస్టిసాల్ వాడతారు. ఇది ప్లాస్టిసైజరు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే) ద్రవంలో పీవీసీ ప్లాస్టిక్ కణాలు కలిపిన ఇంకు. గాలికి ఆరదు, రాత్రంతా ఫ్రేము మీద వదిలేసినా మెష్ పూడుకుపోదు. ఈ సుగుణాన్ని చూసి చాలామంది కొంటారు, వేడి సంగతి మరచిపోతారు. ఇంకు పొర మందమంతా సుమారు 160 డిగ్రీలకు చేరాలి. తుపాకీ ఆకారపు థర్మామీటరు పైపొర వేడినే చూపుతుంది కాబట్టి దానిని నమ్మి త్వరపడితే, అచ్చు ఉతుకుల్లో పగుళ్లిచ్చి రాలిపోతుంది. ఇస్త్రీ పెట్టెతో అంతటా సమానమైన వేడి రాదు; హీట్ ప్రెస్ (వేడి పలకతో నొక్కే యంత్రం) గాని, ఫ్లాష్ యంత్రం (అచ్చును తాకకుండా పైనుంచి వేడి చేసేది) గాని లేనివారు ఈ డబ్బా జోలికి పోవద్దు. నల్ల చొక్కాకు ముందు సెంటీమీటరుకు 43 పోగుల మెష్‌తో తెల్లని అడుగు పొర వేసి, చేతికి అంటకుండా ఉండే వరకు మాత్రమే ఫ్లాష్ చేసి, దానిపై 77 పోగుల మెష్‌తో రంగు వేయాలి. అడుగు పొరను అతిగా వేడి చేస్తే పై రంగు దానికి పట్టదు.

పాలిస్టర్‌తో మరొక ప్రమాదం ఉంది. దానికి వేసే డిస్పర్స్ రంగులు ఎక్కువ వేడికి ఆవిరై అచ్చులోకి చొరబడతాయి. ఒకసారి ఎర్రటి క్రికెట్ జెర్సీల మీద మామూలు తెల్ల ప్లాస్టిసాల్‌తో నంబర్లు వేశాను. సాయంత్రం పాలలా తెల్లగా ఉన్నవి మర్నాటికి గులాబీ రంగుకు తిరిగాయి. తప్పు పూర్తిగా నాదే. ఇటువంటి బట్టకు తక్కువ వేడికే గట్టిపడే, రంగు పీల్చని లో-బ్లీడ్ ఇంకు అడిగి తీసుకోవాలి.

డిశ్చార్జ్ ఇంకు బట్టకున్న రంగునే తొలగిస్తుంది. అది రియాక్టివ్ రంగు (నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగు) వేసిన నూలు మీద పనిచేస్తుంది, పాలిస్టర్ మీద పనిచేయదు. వేడి చేసేటప్పుడు ఘాటైన పొగలు వస్తాయి కనుక గాలి ఆడని గదిలో దానిని తెరవవద్దు. ఇక శుభలేఖలు అచ్చువేసే సాల్వెంట్ ఇంకు దగ్గరలో చౌకగా దొరికిందని చొక్కాలకు వాడేవారున్నారు. అది కాగితానికి ఉద్దేశించినది, బట్ట మీద పెళుసై విరిగిపోతుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే నీటి ఆధారిత ఇంకుతో తెల్ల నూలు ముక్కలు రెండు అచ్చువేసి, ఒకదానిని మాత్రమే వేడి చేయండి. మర్నాడు తడి తెల్లగుడ్డతో రెండింటినీ ఇరవై సార్లు రుద్ది, గుడ్డకు ఎంత రంగు అంటిందో పోల్చి, ఆ గుడ్డను తేదీతో సహా మీ పుస్తకంలో అతికించుకోండి. అయిదవ పాఠంలో స్క్వీజీ రబ్బరు గట్టిదనం, దానిని పట్టే కోణం చూద్దాం.