కనిపించని కలివికోడిని ఫొటోలో చూపడం ఎలా?

1900 తర్వాత 80 ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించని కలివికోడి అనే పక్షి, అంతరించిపోయిందని అందరూ అనుకున్న తర్వాత, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఆ పక్షి కోసమే. చీకటి పడ్డాకే పొదల మధ్య తిరిగే ఇలాంటి పక్షి గురించి ఫొటోలతో చెప్పదలచినవారు, పక్షి కోసం ఎదురుచూడడం మాని, దాన్ని వెతికే పనిని ఫొటో తీయాలని నా అభిప్రాయం.

పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, చదును చేసి, తెల్లవారాక వాటి మీద పడిన అడుగుజాడలను పరిశీలించేవారు. కలివికోడికి వెనక వేలు ఉండదు కాబట్టి, ముందుకు చాచిన మూడు వేళ్ల గుర్తు మొదటి ఆధారం అవుతుంది. ఆ జాడను ఎండ ఏటవాలుగా పడే ఉదయపు వేళలోనే తీయాలి, ఎందుకంటే మధ్యాహ్నపు ఎండలో నీడ లేక గుర్తు మట్టిలో కలిసిపోతుంది. పక్కనే, అదే మట్టం మీద, స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఒక ఫొటో తీయాలి. కెమెరా వంగితే కొలత తప్పుతుంది. తర్వాత నేలకు దగ్గరగా కూర్చుని, జాడతోపాటు దాన్ని కొలుస్తున్న మనిషి చేతులు కూడా వచ్చేలా మరొకటి తీయాలి. మొదటిది శాస్త్రానికి పనికివస్తే, రెండోది చూసేవారికి ఆ శ్రమను అర్థం చేయిస్తుంది.

ఆవాసాన్ని చూపడం ఇంకా ముఖ్యం. ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల, రెండూ కలిసి ఉన్న చోటే ఈ పక్షి బతుకుతుంది. చాలామందికి మాత్రం అది బీడులాగే కనిపిస్తుంది. అందుకే వైడ్ యాంగిల్ లెన్సుతో, మనిషి మోకాలి ఎత్తు నుంచి తీసి, పొదలకు, ఖాళీకి మధ్య ఉన్న నిష్పత్తి తెలిసేలా చూపాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు, తర్వాత, అదే చోట అదే దిక్కుకు తీస్తే మార్పు దానంతట అదే తెలుస్తుంది.

అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతితోనే వెళ్లాలి. పక్షి కూతను ఫోన్‌లో వినిపించి రప్పించకూడదు. ఫొటో పంచుకునే ముందు అందులో దాగి ఉండే లొకేషన్ వివరాలను తప్పక తొలగించాలి, కింద రాసే వాక్యాల్లో కూడా మండలం పేరు దాటి చెప్పకూడదు. తేదీ, ఆ జాడ ఎందుకు ముఖ్యమో మాత్రం తెలుగులో స్పష్టంగా రాయాలి.

సులువుగా కనిపించే పక్షుల విషయంలోనూ పక్షి ఒక్కదాన్నే చూపితే చాలదు. అనంతపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివారే వాటిని కాపాడుకుంటారు. అక్కడ కొంగ ఒక్కటే ఫ్రేములో నిండితే సగం విషయం పోతుంది. గూళ్లు, చెట్టు కింది ఇల్లు, వాకిట్లో మనుషులు ఒకే ఫొటోలో రావాలి. పెద్ద పక్షులు గూడు వదిలి లేస్తున్నాయంటే మనం మరీ దగ్గరికి వెళ్లినట్టే, అప్పుడు వెనక్కి జరగాలి. మనుషులను తీసేముందు వారిని అడిగి, తీసిన ఫొటో ప్రింటు ఒకటి వారి చేతికే ఇచ్చి రావాలి.